పొట్టి కోడెలు, తెల్లపులి, చావని పిడుదులు

చిత్తూరు జిల్లా పల్లెల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా తిరిగాను. రిటైరయ్యాక తిరుపతిలో మనవడి స్కూటీ వెనక కూర్చుని తిరుగుతున్నాను. ఈ నెల వచ్చిన జాబుల్లో చాలావరకు ఆవు దగ్గర మొదలై, పులి దాకా, పెళ్లి దాకా వెళ్లాయి. నాకు తెలిసినంత మేరకు రాస్తాను.

ప్రశ్న: సార్, ప్రకృతి వరణం అంటే బలహీనమైనవి పోయి మేలైనవి మిగలడం అని మా పాఠంలో ఉంది. ఆ తర్వాతి పాఠంలో జన్యు వైవిధ్యాన్ని కాపాడుకోవాలి అని ఉంది. మేలైనవి మిగిలాక తక్కిన రకాలతో పనేమిటి? రెండు పాఠాలకూ పొత్తు కుదరడం లేదు.
— బి.ఎస్సీ. విద్యార్థి, మదనపల్లె

నీకు ఈ వయసులోనే అనుమానం వచ్చింది నాయనా. నాకు ఉద్యోగంలో చేరిన పదహారేళ్లకు గానీ రాలేదు. వచ్చేసరికి చేయాల్సిన నష్టం నా చేత్తో చేసేశాను.

1986లో పుంగనూరు వైపు ఒక ఊళ్లో మొదటి పోస్టింగు. నాకు రెండు సామాన్లు ఇచ్చారు. ఒకటి నత్రజని క్యాను, అందులో జెర్సీ ఆంబోతుల వీర్యం నింపిన సన్నటి గొట్టాలు. రెండోది బర్డిజో. కత్తితో పనిలేకుండా కోడె విత్తుల నరాన్ని నొక్కేసే పెద్ద పటకారు అది. నెల నెలా పై ఆఫీసుకు పంపే కాగితంలో ఎన్ని ఆవులకు ఆ వీర్యపు సూది వేశాను, ఎన్ని నాటు కోడెలకు విత్తులు నొక్కాను అని రెండు గడులు. నాటు కోడె ఊళ్లో తిరిగితే జెర్సీ సూది వేసిన ఆవును అదే ముందు దాటేస్తుందని భయం. ఆ రెండో గడి నింపడంలో నాకు మంచి పేరుండేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు గొప్పగా ఉండేది.

ఆ నాటు కోడెల్లో సగం నా నడుము దాటనివి. పుంగనూరు జాతి. మూడడుగులు కూడా ఉండవు, చిన్న కొమ్ములు, నేలను రాసుకునే తోక. ఒక అవ్వ తన కోడెను పట్టుకుని, "సారూ, ఒగదాన్నన్నా ఇడిసిపెట్టు, ఇది తినేదీ తక్కువే, తాగేదీ తక్కువే" అనింది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాననుకున్నాను: అవ్వా, జెర్సీ దూడ పుడితే పూటకు ఐదు లీటర్లు, దీనికి పుడితే పూటకు చెంబెడు. అవ్వ ఇంకేం మాట్లాడలేదు. కోడెను నొక్కేశాను.

2002లో వాన లేదు. చెనిక్కాయ (వేరుశనగ) చేలు మొలిచినచోటే ఎండాయి. దాణా కొనే స్తోమత ఎవరికీ లేదు. పూటకు ఐదు లీటర్లిచ్చే జెర్సీ సంకరాలు మే నెల ఎండకు నాలుక బయటపెట్టి రొప్పేవి. పిడుదుల వల్ల వచ్చే థైలీరియా జ్వరం తగిలిందంటే, ఖరీదైన సూది పడకపోతే చాలావరకు పోయేవి. సంతలో వాటిని అడిగిన ధరకు ఇచ్చేశారు. ఊళ్లో ఎక్కడో మిగిలిన రెండు మూడు పొట్టి ఆవులు మాత్రం గట్ల మీద ఎండుపోచలు నాక్కుంటూ, పాత చెనిక్కాయ కట్టె నములుతూ, చెంబెడు పాలు ఇస్తూనే ఉండేవి. ఆ మధ్యనే పుంగనూరు జాతిని నిలబెట్టాలని చూస్తున్నవాళ్లు నన్నూ అడిగారు: "మీ పరిధిలో మంచి పుంగనూరు కోడె ఎక్కడైనా ఉందా డాక్టరుగారూ?" ఎక్కడుంది? కాగితం రెండో గడిలో ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. 'మేలైనది' అని పాఠంలో ఉంది, దేనికి మేలైనదో లేదు. జెర్సీ ఆవు ఇంగ్లిష్ చానల్లో ఒక చల్లటి చిన్న దీవిలో, కడుపునిండా పచ్చిక తింటూ, పాల కోసం మనుషులు ఎంచి ఎంచి పెంచిన జాతి. అక్కడ అది మేలైనదే. పుంగనూరుది ఎండకు, రాతి నేలకు, పస్తులకు నిలిచిన రక్తం. వానలు బాగా పడిన ఏడు జెర్సీ గెలుస్తుంది, పడని ఏడు పొట్టిది గెలుస్తుంది. వచ్చే ఏడు ఏది గెలుస్తుందో ప్రకృతికీ తెలియదు. దానికి ముందుచూపు లేదు, నాకూ లేకపోయె.

ప్రకృతి వరణం చేసేది జల్లెడ పని. చేటలో ఉన్నవాటిని జల్లిస్తుంది, లేని గింజను పుట్టించలేదు. కొత్త గింజలు జన్యువుల్లో అనుకోకుండా వచ్చే మార్పుల వల్ల పుడతాయి, అదీ నత్తనడక. ఉన్నవి తల్లీతండ్రుల దగ్గర్నుంచి కొత్త కొత్త కలయికలుగా బిడ్డలకు చేరుతుంటాయి. చేటలో ఒకే రకం మిగిలిందంటే జల్లెడకు పని లేదు. ఆ రకానికి పడని జబ్బు వచ్చిన రోజు మొత్తం పోతుంది.

చీతా సంగతి చూడు. ఎప్పుడో మంచుయుగం చివర్లో అవి కొద్దిగా మాత్రమే మిగిలి, ఆ కొద్ది నుంచే మళ్లీ పెరిగాయంటారు. 1980లలో అమెరికాలో స్టీఫెన్ ఓబ్రయన్ అనే జన్యుశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక చీతా చర్మం ముక్క తీసి, ఏ చుట్టరికం లేని ఇంకో చీతాకు అతికించారు. మామూలుగా ఒంట్లోకి పరాయి చర్మం వస్తే ఒళ్లు దాన్ని తోసేస్తుంది. చీతా ఒళ్లు తోయలేదు, తనదే అనుకుంది! అంత ఒకేలా ఉన్నాయి వాటి జన్యువులు. అదే కాలంలో ఓరెగన్‌లో ఒక జంతువుల పార్కులో పిల్లిజాతికి వచ్చే కరోనా వైరస్ ఒకటి చొరబడితే సగానికి పైగా చీతాలు చనిపోయాయి. అదే పార్కులోని సింహాలు తట్టుకున్నాయి.

కాబట్టి నీ రెండు పాఠాలకూ పొత్తు ఇదే: వైవిధ్యం సరుకు, వరణం బేరం. సరుకు లేకపోతే బేరమేముంది? పరీక్షలో మాత్రం అవ్వ కోడె గురించి రాయకు, పుస్తకంలో ఉన్నట్టే రాయి. మార్కులు పోతాయి.

ప్రశ్న: మా ఆవులకు పిడుదుల మందు రెండేళ్లుగా ఒకటే కొడుతున్నాం. మొదట్లో రాలిపోయేవి. ఇప్పుడు మందు నీళ్లలా ఉంది. పిడుదులు మందుకు అలవాటు పడ్డాయంటున్నాడు మా షాపాయన. మోతాదు పెంచమంటారా?
— పాడి రైతు, వి.కోట

పెంచొద్దమ్మా. ఆవుకు ప్రమాదం, పాలలోకీ వస్తుంది. షాపాయన మాట కూడా ఒక చోట తప్పు. ఏ పిడుదూ అలవాటు పడలేదు. కాఫీకి మనం అలవాటు పడ్డట్టు పిడుదు మందుకు అలవాటు పడదు.

మొదటిసారి మీరు మందు కొట్టినప్పుడు మీ కొట్టంలో వేల పిడుదులున్నాయనుకోండి. అందులో ఏ నాలుగైదింటికో పుట్టుకతోనే ఆ మందును విరిచేసుకునే గుణం ఉంది. మందు రాకముందు ఆ గుణంతో వాటికి ఏ లాభమూ లేదు. తక్కినవన్నీ రాలిపోయాయి, మీరు సంతోషించారు. మిగిలిన ఆ నాలుగైదు గోడ పగుళ్లలో దూరి వేల గుడ్లు పెట్టాయి. రెండో తడవ మందుకు వాటి పిల్లలు నిలిచాయి. రెండేళ్లు తిరిగేసరికి కొట్టంలో మిగిలింది ఆ కుటుంబమే. జల్లెడ పట్టింది మీరే. మందు తక్కువ కలిపి కొట్టే అలవాటుంటే ఇంకా తొందరగా అవుతుంది, అరకొర బలమున్నవి కూడా బతికిపోతాయి గనక.

కాబట్టి మందు రకం మార్చండి. పేరు మార్చడం కాదు, లోపలి మందు జాతి వేరుగా ఉండాలి. సీసా పట్టుకుని దగ్గర్లోని పశువుల ఆస్పత్రికి వెళ్లి అడగండి. కొట్టం గోడల పగుళ్లు పూడ్చి సున్నం కొట్టండి. నాటుకోళ్లు ఉంటే ఆవుల మధ్య వదలండి, వాటికి పిడుదులంటే పండగ.

మీరు అడగలేదు గానీ, గొర్రెలున్నవాళ్ల కోసం ఒక మాట. కడుపులో రక్తం తాగే పాములకు మందు తాగించేటప్పుడు మందలో అన్నింటికీ ఒకేసారి పోయడం మా కాలం పద్ధతి. ఇప్పుడు గొర్రె కింది కనురెప్ప లాగి చూస్తారు. ఎర్రగా ఉంటే వదిలేస్తారు, పాలిపోయి ఉంటేనే మందు. దక్షిణాఫ్రికాలో దీనికి రంగుల అట్ట ఒకటి తయారుచేశారు. మందు తాగని గొర్రెల్లో, మందుకు చచ్చే మామూలు పాములు మిగిలి ఉంటాయి. అవి మొండివాటితో కలుస్తాయి, మొండి గుణం మంద అంతటా పరుచుకోకుండా పలచబడుతుంది. శత్రువులో కూడా వైవిధ్యం ఉండడం మనకే మంచిది. ఇది విన్న రోజు నేను నవ్వాను. తర్వాత మా తమ్ముడి మందలో చూసి నోరు మూసుకున్నాను.

ప్రశ్న: సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తిరుపతి జూకు వెళ్లాం. తెల్లపులిని చూసి మా వాడు, అడవిలో ఇవి ఎందుకుండవు, అంత బాగున్నాయి కదా అన్నాడు. ఏం చెప్పాలి?
— గృహిణి, శ్రీకాళహస్తి

అమ్మా, బాగుండడం మన కంటికి. అడవిలో జింక కంటికి కూడా బాగా కనబడుతుంది, అదే పులికి చిక్కు. పసుపు మీద నల్లచారలుంటే ఎండుగడ్డిలో పులి కలిసిపోతుంది.

ఇక జూల్లో ఇన్ని ఎలా వచ్చాయంటే, అదొక కుటుంబ కథ. 1951లో రీవా మహారాజు మార్తాండసింగ్ మధ్యభారత అడవుల్లో ఒక తెల్ల మగపిల్లను పట్టి మోహన్ అని పేరు పెట్టాడు. మామూలు ఆడపులితో జత చేస్తే పిల్లలన్నీ పసుపే. తెలుపు గుణం అణిగి ఉండే రకం, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ వస్తేనే బయటపడుతుంది. అందుకని మోహన్‌ను దాని సొంత కూతురు రాధతో కలిపారు. 1958లో నాలుగు తెల్లపిల్లలు పుట్టాయి. ప్రపంచంలో ఇప్పుడు జూల్లో ఉన్న తెల్లపులుల్లో చాలావాటి రక్తం వెతుక్కుంటూ పోతే మోహన్ దగ్గరికే చేరుతుంది. రంగు కోసం తండ్రీకూతుళ్లను, తోబుట్టువులను మళ్లీ మళ్లీ కలిపారు. తెలుపుతో పాటు అణిగి ఉన్న వేరే లోపాలు కూడా జంటలై బయటపడ్డాయి. మెల్లకన్ను మాత్రం చాలావరకు ఆ రంగులేమితోనే వస్తుంది. కంటి నుంచి మెదడుకు పోయే నరాలు దారి తప్పుతాయి.

మనుషులు కలపకపోయినా ఇలా జరుగుతుంది. ఒడిశా సిమిలిపాల్ అడవిలో నల్లచారలు కలిసిపోయి దాదాపు నల్లగా కనబడే పులులున్నాయి. వేరే అడవులతో రాకపోకలు తెగి, కొద్ది పులులే తమలో తాము కలవడం వల్ల ఆ అరుదైన గుణం అక్కడ ఎక్కువైందని బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. మీవాడికి ఇవన్నీ ఎక్కువ. "అది తాత పోలిక నాన్నా, ఒకే తాత" అనండి.

ప్రశ్న: నాకు మా మేనమామతో పెళ్లి అనుకుంటున్నారు. అవ్వ పట్టుబడుతోంది. మీరు పశువుల డాక్టరే గానీ, ఇది మిమ్మల్ని అడగాలనిపించింది.
— పేరు వద్దు, పీలేరు

మంచిపని చేశావు తల్లీ. అవ్వతో గొడవ పడకుండా లెక్క చెప్పు. బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం మేనబావను చేసుకుంటే పదహారింట ఒకటి. మేనమామ అయితే ఎనిమిదింట ఒకటి. పైన చెప్పిన పులి విషయంలో అది నాలుగింట ఒకటి. మామూలుగా నూటికి సుమారు ముగ్గురు బిడ్డలు ఏదో ఒక లోపంతో పుడతారు, మేనబావ పెళ్లిలో అది ఐదారు దాకా పోతుంది. మేనమామ అంతకంటే దగ్గర. తరతరాలుగా మీ ఇంట్లో ఇదే పద్ధతయితే లెక్క ఇంకా పెరుగుతుంది. వందలో తొంభైకి పైగా బాగానే పుడతారన్నదీ నిజమే, అవ్వ చూసింది వాళ్లనే. ఏ బిడ్డలు చిన్నప్పుడే పోయారో, ఎవరికి చెవుడో, వాళ్ల పేర్లు అవ్వకే గుర్తుంటాయి, మెల్లగా అడిగి రాసుకో. ఆ కాగితం తీసుకుని జన్యు పరీక్షలు చూసే పెద్దాస్పత్రికి వెళ్లు. చేసుకోవాలో వద్దో నేను చెప్పను. నీకు ఇష్టం లేకపోతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఇష్టం లేదన్న మాటే చాలు.

ప్రశ్న: మాది ఆరెకరాల తోతాపురి తోట. గట్టు మీద మా తాత నాటిన టెంక మామిళ్లు ఏడున్నాయి. ఒక్కోటి ఒక్కో రుచి, ఒక్కో కాలం. ఫ్యాక్టరీ తీసుకోదు. కొట్టేసి అక్కడా అంట్లు పెడదామంటున్నాడు మా అబ్బాయి. ఏమంటారు?
— రైతు, బంగారుపాళ్యం

అన్నా, చెట్టు డాక్టరు కాదు నేను, అయినా ఊరుకోలేను. మీ తోటలో తోతాపురి చెట్లు ఎన్ని ఉన్నా పైభాగం లెక్కకు ఒకటే చెట్టు. అంటు అంటే ఒక చెట్టు కొమ్మను వందల కాళ్ల మీద నిలబెట్టడం. అందుకే కాయ ఒకేలా ఉంటుంది, ఫ్యాక్టరీకి కావాల్సింది అదే. తోతాపురి అయినా బేనిషా అయినా టెంక వేస్తే తల్లిలాంటి కాయ రాదని మీకు నేను చెప్పాలా? టెంక ప్రతిదీ కొత్త కలయిక.

ఒకే చెట్టు ఆరెకరాలు నిండితే ఏమవుతుందన్నదానికి ఐర్లండ్ గుర్తు చేసుకోవాలి. అక్కడ పేదలు లంపర్ అనే ఒకే రకం బంగాళదుంప తిని బతికేవారు. దుంప ముక్క పాతి పెంచేది, కాబట్టి దేశమంతా ఒకే మొక్క లాంటిది. 1845లో తెగులు వచ్చింది. కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది ఆకలితో, జబ్బులతో పోయారు, ఇంచుమించు అంతమంది ఓడలెక్కారు. మన మామిడికి రేపే అలా అవుతుందని భయపెట్టడం లేదు. అందరి కాయ ఒకేసారి పక్వానికొచ్చి, ధర పడిపోయి, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు నిలబడడం మీరు చూసిందే, అదీ ఒకేరకం తెచ్చే తంటానే.

మన చెనిక్కాయ కథ ఇంకా విచిత్రం. ప్రపంచంలో పండే చెనిక్కాయంతా దక్షిణ అమెరికాలో వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు అనుకోకుండా కలిసి పుట్టిన సంకరం నుంచి వచ్చింది. తల్లికి ఇరవై, తండ్రికి ఇరవై క్రోమోజోములు. చెరి సగం వచ్చి బిడ్డలో అవి రెట్టింపై నలభై అయ్యాయి, దాంతో పాత చుట్టాలతో మళ్లీ కలవడం కష్టమైపోయింది. అందుకే ఊరికో రకం కనిపించినా లోపల వైవిధ్యం తక్కువ, తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లకు లొంగిపోయేది. వాటిని తట్టుకునే గుణాన్ని శాస్త్రవేత్తలు నానా పాట్లు పడి అరాకిస్ కార్డెనాసీ అనే అడవి చెనిక్కాయ నుంచి తెచ్చారు. పంటగా పనికిరాని అడవి మొక్క అది. దాన్ని ఎవరో కలుపు అని పీకేసి ఉంటే?

మీ ఏడు చెట్లలో ఏది బూడిద తెగులుకు నిలుస్తుందో, ఏది తేనెమంచు పురుగుకు నిలుస్తుందో ఒక ఐదేళ్లు రాసిపెట్టమనండి మీ అబ్బాయిని. ఊరగాయకు బాగుండే చెట్టు ఏదో మీ ఆవిడకు తెలిసే ఉంటుంది. మరీ చోటు కావాలంటే కొట్టే ముందు ఒక్కో చెట్టు నుంచి పుల్ల కోసి గట్టు చివర అంటు కట్టించండి. చెట్టు పోయినా రకం పోదు.

ప్రశ్న: మా పొలాల మీదికొచ్చే గుంపులో దంతాల్లేని మగ ఏనుగు ఒకటుంది. ఇది జబ్బా?
— రైతు, కుప్పం

జబ్బు కాదు. ఆసియా ఏనుగుల్లో ఆడవాటికి బయటికి పొడుచుకొచ్చే దంతాలు ఉండనే ఉండవు, మగవాటిలోనూ కొన్ని ఇలా పుడతాయి. మఖ్నా అంటారు. దంతం కోసం చంపేచోట అదే దాని అదృష్టం. ఆఫ్రికాలో ఆడవాటికీ దంతాలుంటాయి. మొజాంబిక్‌లో 1977 నుంచి 1992 దాకా జరిగిన యుద్ధంలో గొరొంగోసా అనే జాతీయవనంలోని ఏనుగుల్లో నూటికి తొంభై పోయాయి. అంతకుముందు ఆడవాటిలో ఐదో వంతు కూడా లేని దంతహీనాలు, యుద్ధం ముగిసేసరికి సగం అయ్యాయి. అక్కడి చిక్కేమిటంటే, ఆ గుణం కూతురికి రక్ష, అది అందిన కొడుకు మాత్రం కడుపులోనే పోతాడు. మీ మఖ్నాకు అలాంటి బాధ లేదు. దంతం లేదని దగ్గరికి మాత్రం పోవద్దు, తొండం చాలు.

ప్రశ్న: ప్రధాని ఇంట్లో పుంగనూరు ఆవుల ఫోటోలు చూసినప్పట్నుంచి మా పిల్లలు ఒకటే పోరు. మాకు ఇంటి వెనక కాస్త స్థలముంది. అన్నిటికంటే పొట్టిది ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది?
— ఉద్యోగి, తిరుపతి

ఆ కోడెల్ని నొక్కిన చేత్తోనే ఈ జవాబు రాస్తున్నాను, కాబట్టి సంతోషంగానే రాస్తున్నాను. 'అన్నిటికంటే పొట్టిది' అన్న మాట మాత్రం కొట్టేయండి. అందరూ అదే అడిగితే అమ్మేవాడు ఇంకా పొట్టి కోసం ఇంటిలోని అన్నాచెల్లెళ్లనే కలుపుతాడు, మోహన్ సంతతికి జరిగినట్టు. అప్పట్లో మేము పాలు ఒక్కటే చూశాం, ఇప్పుడు మీరు ఎత్తు ఒక్కటే చూస్తున్నారు. దూడ చురుగ్గా పాలు తాగుతోందా, తల్లి సులువుగా ఈనిందా, ఇంతకుముందు ఎన్ని ఈతలు అయ్యాయి, ఇవి అడగండి. ఒక్కదాన్నే కట్టేసి పెంచొద్దు, మంద జంతువు అది.

ముందుగా పలమనేరు పరిశోధన కేంద్రానికి వెళ్లి జాతి ఎలా ఉంటుందో కళ్లారా చూసి రండి. తర్వాత అమ్మేవాడి దగ్గర దూడ తండ్రి ఏదో, తల్లి తండ్రి ఏదో అడగండి. రెండూ ఒకే కోడె అయితే వెనక్కి వచ్చేయండి. వేరైతే ఆ వివరాలు నాకు రాయండి, ధర సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.